ఇంటి నుంచే చదువుతున్న మనవడికి: నిద్ర, నడక, బరువు

2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ పడి హాస్టళ్లు ఖాళీ అయ్యాక విద్యార్థుల దినచర్యలోంచి ముందుగా జారిపోయింది నడక. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లాంటి విశాలమైన క్యాంపస్‌లలో హాస్టల్ నుంచి మెస్‌కు, మెస్ నుంచి క్లాసుకు, సాయంత్రం టీ కొట్టు దాకా తిరిగే తిరుగుడును ఎవరూ వ్యాయామం కింద జమకట్టలేదు. అప్పుడు క్లాసే మంచం దగ్గరికి వచ్చింది. తొమ్మిదింటి క్లాసుకు రెండు నిమిషాల ముందు కళ్లు తెరిచి, కెమెరా ఆపేసి, దుప్పట్లోంచే ‘ప్రెజెంట్ సార్’ అంటే హాజరు పడిపోయేది.

నిద్ర మాత్రం పెద్దలు తిట్టినంతగా తగ్గలేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 139 మంది విద్యార్థులను గమనిస్తే, ఇంటిపట్టున ఉన్న రోజుల్లో వారి పనిదినాల నిద్ర అరగంట దాకా పెరిగింది. కాకపోతే నిద్రవేళ 50 నిమిషాలు ఆలస్యమైంది. చిక్కంతా అక్కడే. అర్ధరాత్రి దాటాక మేలుకుని ఉంటే చెయ్యి బిస్కెట్ల డబ్బా మీదికి పోతుంది. ఫోను వెలుగు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను అణచిపెడుతుంది.

కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీలుంటాయి. రోజూ ఒక పాల టీ, రెండు బిస్కెట్లు అదనంగా పడితే దాదాపు 100. రెండున్నర నెలల్లో కిలో. శరీరం కొంత సర్దుకుంటుంది కాబట్టి లెక్క ఇంత కచ్చితంగా సాగదు, వెళ్లే దారి మాత్రం ఇదే. పాత జీన్స్ బొత్తాం పట్టకపోవడం సోమరితనానికి రుజువేమీ కాదు. అలాగని వదిలేయకూడదు: భారతీయులకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా లెక్క.

సరిదిద్దుకోవడం లేచే వేళతో మొదలుపెట్టాలి. నిద్ర రమ్మంటే రాదు, అలారం పెట్టుకుని లేవడం చేతిలో పని. ఆదివారమైనా అదే వేళకు లేచి కాసేపు ఎండలో నిలబడితే ఒంటి గడియారం క్రమంగా ముందుకు జరుగుతుంది. కాలేజీ వయసుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి.

వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. డాబా మీద చురుగ్గా నడవడం మొదటిదానికి, దండీలు, బస్కీలు రెండోదానికి సరిపోతాయి. పూట మానేసి కడుపు మాడ్చుకుంటే రాత్రికి ఎక్కువ తినేయొచ్చు, అది దండగ.

కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు వ్యాయామం మెల్లగా మొదలుపెట్టాలి. నడకలో ఆయాసం, ఛాతీ నొప్పి, గుండెదడ కనిపిస్తే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

ఆశీస్సులతో,
తాతయ్య