విద్యుత్ బేరం: పక్క మిల్లుకు అమ్మితే గిట్టుబాటవుతుందా?

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట కేంద్రాలలో ధాన్యం, బియ్యం ధరలను అనుదినం గమనించే వర్తకులు ఇప్పుడు మరొక సరుకు లెక్క కూడా తెలుసుకోవలసి ఉన్నది. అది సౌర విద్యుత్తు. మిల్లు రేకుల కప్పుపై 100 కిలోవాట్ల పలకలు అమర్చితే సగటున రోజుకు 400 యూనిట్ల వరకు వస్తుంది. ధాన్యం రాబడి జోరుగా ఉన్నప్పుడు ఆ కరెంటు మిల్లుకే సరిపోదు. సీజను ముగిసి మరలు ఆగిన రోజులలో మాత్రం మిగులుతుంది. ఆ మిగులును పక్క మిల్లుకు నేరుగా అమ్ముకోవచ్చునా అన్నది ప్రశ్న.

ఇటువంటి బేరాలను మన దేశంలో 2020లో లక్నోలోను, 2021లో ఉత్తర ఢిల్లీలోను ప్రయోగాత్మకంగా నడిపారు. స్మార్ట్ మీటర్లు ఇచ్చిపుచ్చుకున్న యూనిట్లను నమోదు చేయగా, బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటరు చిట్టాలో ఖాతాలు తేలాయి. అమ్మకందారు, కొనుగోలుదారు తమలో తాము ధర కుదుర్చుకున్నారు.

తీగల కిరాయి

అయితే సరుకు ఇద్దరిదైనా దారి మూడవ వారిది. స్తంభాలు, తీగలు పంపిణీ సంస్థవి. బస్తాలకు లారీ కిరాయి, తరుగు ఉన్నట్లే కరెంటుకు వీలింగ్ చార్జీ, లైను నష్టం ఉంటాయి. వీటికి తోడు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి పడవచ్చు. వీటిని నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి.

ఉదాహరణకు ఒక మిల్లు యూనిట్ 5 రూపాయల చొప్పున 1,000 యూనిట్లు అమ్మిందనుకుందాం. పంపిణీ సంస్థ రేటు 7 రూపాయల 50 పైసలు అనుకుంటే, కొనేవారికి రెండున్నర రూపాయలు మిగిలినట్లు కనిపిస్తుంది. కాని వీలింగ్ యూనిట్‌కు 75 పైసలైతే 750 రూపాయలు. తరుగు నూటికి 5 పోగా చేరేది 950 యూనిట్లు. వాటిపై సర్‌చార్జి రూపాయిన్నర చొప్పున 1,425 రూపాయలు. మొత్తం 7,175 రూపాయలు. అంటే చేరిన యూనిట్ ఖరీదు సుమారు 7 రూపాయల 55 పైసలు! బేరం 5 పైసల నష్టంతో తేలింది. ఈ రేట్లు లెక్క కోసం అనుకున్నవే. సర్‌చార్జి మినహాయింపు దొరికితే అదే యూనిట్ 6 రూపాయల 5 పైసలకే పడుతుంది. కాబట్టి లాభనష్టాలు ఇరువురి బేరం కంటే ఈ చార్జీల మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నాయి.

ఎక్స్ఛేంజి మార్గం

జాతీయ స్థాయిలో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి 2008 నుండి పనిచేస్తున్నది. పునరుత్పాదక విద్యుత్తుకు ప్రత్యేకంగా 2020లో ముందస్తు ఒప్పందాల విభాగం, 2021లో మరుసటి రోజు సరఫరా విభాగం ప్రారంభమయ్యాయి. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ప్రతి భాగానికి వేరుగా ధర తేలుస్తారు. ఎండ బాగా ఉన్న వేళ దేశమంతటి సౌర విద్యుత్తు ఒక్కసారిగా వస్తుంది గనుక ధర దిగుతుంది. పొద్దుగూకిన తరువాత గిరాకీ పెరిగి ధర ఎక్కుతుంది. కోతల వేళ యార్డులో జరిగేదే ఇక్కడ ప్రతి మధ్యాహ్నం జరుగుతున్నదన్న మాట. పలకల కరెంటును బ్యాటరీలో నిలువచేయనిదే సాయంత్రపు ధర అందదు.

కేంద్రం 2022 జూన్‌లో ప్రకటించిన హరిత ఓపెన్ యాక్సెస్ నియమాలు కనీస పరిమితిని 1 మెగావాట్ నుండి 100 కిలోవాట్లకు తగ్గించాయి. దీనితో ఒక మోస్తరు మిల్లు కూడా బయటి నుండి హరిత విద్యుత్తు కొనే వీలు కలిగింది.

అప్పు తెచ్చి పలకలు పెట్టదలచినవారు మొదట తమ మిల్లు పగటి వాడకాన్ని నెలవారీగా లెక్క కట్టుకోవాలి. సొంతానికి వాడిన యూనిట్‌కు తీగల కిరాయి లేదు, తరుగు లేదు. పంపిణీ సంస్థ రేటు పూర్తిగా ఆదా అవుతుంది. వాయిదాలు సొంత వాడకంతోనే తీరేటట్లుంటే పలకలు పెట్టవచ్చును. పొరుగు బేరంపై వచ్చేది అదనపు లాభంగా చూసుకోవాలే తప్ప, దానిని నమ్ముకొని అప్పు చేయడం వర్తక నీతి కాదు.