సేవాపథకం – నడవడి

మాచర్లకు చేరువలోని దుర్గి గ్రామం రాతి శిల్పాలకు పేరుగాంచింది. అక్కడి శిల్పి ముందు రాతిపై గీత గీస్తాడు. తరువాతనే ఉలి పట్టుకుంటాడు. విద్యార్థుల సేవకు కూడా అటువంటి గీతలు ఉన్నాయి.

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. పల్నాటి కళాశాలలకు ఆధారమైన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. పథకంలో చేరదలచిన విద్యార్థి తన కళాశాలలోని ప్రోగ్రాం అధికారి వద్ద పేరు నమోదు చేసుకోవాలి. రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి.

నమోదు ఒక్కనాటితో ముగుస్తుంది. నడవడి మాత్రం నిత్యపరీక్ష. వాలంటీరు బృందనాయకుని సూచనలు పాటించాలి. ఏనాటి పనిని ఆనాడే దినచర్య పుస్తకంలో రాయాలి. విధివేళలో పథకం చిహ్నాన్ని ధరించాలి. వివాదాలలో తలదూర్చరాదు.

ఈ చివరి నియమం విలువ పల్లెలో తెలుస్తుంది. ఊరిలో రెండు వర్గాలున్నప్పుడు, ఒకరి పక్షం వహించిన వాలంటీరుకు రెండవవారి వాకిలి మూసుకుపోతుంది. ఆ ఇంటి బిడ్డకు అక్షరం నేర్పే అవకాశమూ పోతుంది. ఉలి దెబ్బ తప్పి విరిగిన రాయి తిరిగి అతకదు. ఊరి నమ్మకమూ అటువంటిదే.