కురువిందం ఇచ్చే మెరుగు

తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డు మీదుగా దిగివచ్చిన కారును అలిపిరి దగ్గర ఒకసారి పరిశీలనగా చూడండి. వెండిలా మెరవవలసిన చక్రాల మీద నల్లని మసి పట్టి ఉంటుంది. వెనుక చక్రాల కన్నా ముందు చక్రాల మీద ఎక్కువగా ఉంటుంది. ఈ మసి ఎక్కడిది?

తిరుపతికి, తిరుమలకు ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1,000 కిలోల కారు అంత ఎత్తు నుంచి దిగితే ఎంత స్థితిశక్తి కోల్పోతుందో మీరే లెక్క కట్టగలరు: 1,000 × 9.8 × 700 = 68,60,000 జౌళ్లు. ఇందులో కొంత గాలి నిరోధానికి పోతుంది. కొంత తక్కువ గేరులో తిరిగే ఇంజను హరిస్తుంది. మిగిలినది బ్రేకులలో వేడిగా మారుతుంది. ఈ రాపిడికి బ్రేకు ప్యాడ్లు, ఇనుప డిస్కు అరిగి సన్నని పొడి రాలుతుంది. అదే ఆ మసి. బ్రేకు వేసినప్పుడు కారు భారం ముందుకు మొగ్గుతుంది కనుక ముందు బ్రేకులకు పని ఎక్కువ, పొడీ ఎక్కువ.

ఆ పొడిలోని ఇనుప రేణువులు అల్యూమినియం మీద కూర్చుని తడిస్తే చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది. రెంటిలో అల్యూమినియం చురుకైన లోహం కాబట్టి అదే తినివేయబడుతుంది. చక్రం మీద గుంటలు పడతాయి, మెరుపు పోతుంది. దానిని మళ్లీ తెప్పించడం ఎలా?

చక్రంలో ఏముంది?

ఈ చక్రాలను అల్లాయ్ చక్రాలంటారు. అల్లాయ్ అంటే మిశ్రమలోహం. ఎక్కువగా వాడే మిశ్రమలోహంలో సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం, మిగిలినది దాదాపు అంతా అల్యూమినియం. మన రాష్ట్రంలో విశాఖపట్నంలోని సినర్జీస్ కాస్టింగ్స్ కర్మాగారం ఇలాంటి చక్రాలను తయారుచేసింది. పోత పోసిన చక్రాన్ని దాదాపు 540 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచి, నీటిలో ముంచి చల్లార్చి, తిరిగి సుమారు 150 డిగ్రీల వద్ద కాస్తారు. చక్రానికి బలం వచ్చేది ఈ కాపుతోనే. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

మెరుపు అంటే ఏమిటి?

మెరుగు పెట్టడమంటే లోహానికి ఏదో పూయడం కాదు, గీకడమే! గీతలు పెద్దవిగా ఉంటే వాటి మీద పడిన కాంతి తలో దిక్కుకు చెదిరిపోతుంది, తలం మసకగా కనిపిస్తుంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. గీతల లోతు అంతకంటె బాగా తగ్గినప్పుడు కాంతి ఒకే దిక్కుకు పరావర్తనం చెందుతుంది, తలం అద్దమవుతుంది. కనుక పెద్ద గీతలను చిన్న గీతలతో, వాటిని ఇంకా చిన్న గీతలతో చెరిపివేస్తూ పోవాలి.

గరుకు కాగితం వెనుక ఉండే అంకె పెరిగిన కొద్దీ దాని రేణువు సన్నబడుతుంది. 400 నంబరు కాగితంలో రేణువు సుమారు 35 మైక్రోమీటర్లు, 800లో 22, 2000లో 10. చివరికి వాడే మెరుగు లేహ్యంలో ఒక మైక్రోమీటరు, అంతకు తక్కువ రేణువులు కూడా ఉంటాయి. ఒక్కొక్క కాగితంతో ముందరి గీతలకు అడ్డంగా రుద్దాలి. అప్పుడు పాత గీత ఇంకా మిగిలి ఉంటే వెంటనే కనబడిపోతుంది.

కవచమూ అదే, ఆయుధమూ అదే

తాజాగా గీకిన అల్యూమినియానికి గాలి తగిలిన మరుక్షణంలోనే దాని మీద అల్యూమినియం ఆక్సైడు పొర ఏర్పడుతుంది. మందం కొద్ది నానోమీటర్లే అయినా లోపలి లోహానికి అదే కవచం. చిత్రమేమంటే, గరుకు కాగితం మీద అంటించే రేణువులలో ఒక ముఖ్యమైన రకం కూడా ఈ ఆక్సైడే! ప్రకృతిలో స్ఫటికరూపంలో దొరికే దీనినే మనవాళ్లు కురువిందం అన్నారు. కెంపు, నీలం దీని రంగు రూపాలే. కాఠిన్యంలో మోస్ కొలమానం మీద దీని స్థానం 9. వజ్రం స్థానం 10.

ఇంట్లో చేసేటప్పుడు

చాలా చక్రాలకు పైన పారదర్శకమైన వార్నిష్ పూత ఉంటుంది. అది చెక్కుచెదరకుండా ఉంటే గీకవలసిన పని లేదు. చల్లారిన చక్రాన్ని సబ్బునీటితో, మెత్తని గుడ్డతో కడిగితే చాలు. పూత లేచిపోయిన చోట మాత్రమే, పెద్దల సమక్షంలో, నీటితో తడుపుతూ రుద్దాలి. పొడి అల్యూమినియం ధూళి గాలిలో లేస్తే ఊపిరికి మంచిది కాదు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మెరుగు వచ్చాక కడిగి, ఆరబెట్టి, మళ్లీ వార్నిష్ వేయాలి. లేకపోతే ఆ మెరుపు ఎక్కువ కాలం నిలవదు.

ఇత్తడి దీపపు కుందిని చింతపండుతో తోముతాం కదా, చక్రాన్నీ అలాగే తోమవచ్చునా? వద్దు. చింతపండులోని ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది కాని రాగి జోలికి పోదు. అల్యూమినియమైతే ఆమ్లంతోనూ, క్షారంతోనూ చర్య జరుపుతుంది. చాకలి సోడా కూడా పనికిరాదు. చక్రాలు కడగడానికి అమ్మే కొన్ని ద్రవాలలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మం గుండా లోపలికి ఇంకి ఎముకల దాకా హాని చేయగలదు. సీసా మీది అచ్చును చదవకుండా ముట్టుకోరాదు.

మెరుపు దాచే ప్రమాదం

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. గుంటలో పడి పగిలిన చక్రాన్ని అతికించి, మెరుగు పెడితే కొత్తదానిలా కనిపిస్తుంది. కాని అతికేటప్పుడు తగిలిన వేడికి, ముందు చెప్పుకున్న కాపు వల్ల వచ్చిన బలం ఆ చోట తగ్గిపోతుంది. అలాంటి చక్రంతో ఘాట్ రోడ్డు దిగితే ఏమవుతుందో ఊహించండి! అందుకే మెరుగు పెట్టే ముందే పగుళ్ల కోసం వెతకాలి. పగులు కనిపించినా, అనుమానం కలిగినా ఆ చక్రాన్ని మార్చవలసిందే.

చేసి చూడండి

పూర్వం రైల్వేలలో చక్రాలు, ఇరుసుల పగుళ్లను నూనెతో, సుద్దతో కనిపెట్టేవారు. బీటవారిన పింగాణీ గిన్నె ఒకటి తీసుకోండి. దానికి కుట్టుమిషను నూనె రాసి పది నిమిషాలు ఆగండి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మెత్తని సుద్దపొడి పలుచగా చల్లండి. కాసేపటికి బీట ఉన్నచోట సుద్ద తడిసి గీత తేలుతుంది. సన్నని సందులోని నూనె సుద్దలోకి ఎందుకు ఎగబాకింది? దీపపు వత్తిలోకి నూనె ఎలా ఎక్కుతుందో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది.