పసిబిడ్డల ఇండ్లకు ఆరోగ్య సందర్శనములు: పంచాయతీ కర్తవ్యము

పంచాయతీ సమావేశములలో వీధి దీపములు, మురుగు కాలువలు, మంచినీటి గొట్టములు తరచుగా చర్చకు వచ్చుచుండును. గత నెలలో గ్రామమున పుట్టిన బిడ్డలెందరు, వారి ఇండ్లకు ఎవరు వెళ్ళి చూచిరి అను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. ఆ ప్రశ్ననే నేడు సభ్యుల ముందుంచుచున్నాము.

శిశువునకు మిక్కిలి గండమున్న కాలము పుట్టిన మొదటి నెల. అందును మొదటి వారము. కాన్పు ఆసుపత్రిలో జరిగినను తల్లీబిడ్డలు కొద్ది దినములలోనే ఇల్లు చేరుదురు. పిదప పురుడని ఆ గది తలుపు సగము మూసియే యుండును. బిడ్డ పాలు మానినను, ఒళ్ళు చల్లబడినను నిద్రపోవుచున్నదని పెద్దలు తలంతురు. ఆసుపత్రికి బయలుదేరునప్పటికి ఆలస్యమగును.

ఈ ఆలస్యమును తగ్గించు మార్గము తెలంగాణమునకు ఆనుకొనియున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో తేలినది. అచ్చట డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో 'సెర్చ్' అను సంస్థను నెలకొల్పిరి. 39 గ్రామములలో కొద్దిపాటి చదువు గల స్త్రీలకు బిడ్డను తూచుట, ఊపిరి లెక్కించుట, వెచ్చగా ఉంచుట, జబ్బును గుర్తించి మందిచ్చుట నేర్పి ఇంటింటికి పంపిరి. ఇట్టి పని జరుగని గ్రామములతో పోల్చగా, మూడవ సంవత్సరమునకు నెలలోపు శిశువుల మరణములు సుమారు 62 శాతము తగ్గెను. ఈ ఫలితములు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడినవి.

2011లో భారత ప్రభుత్వము ఇట్టి సందర్శనములను ఆశా కార్యకర్తల ద్వారా దేశమున ప్రవేశపెట్టెను. ఆసుపత్రి కాన్పైనచో 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆరు మార్లు, ఇంటి కాన్పైనచో మొదటి దినముతో కలిపి ఏడు మార్లు వెళ్ళవలెను. 2018లో 3, 6, 9, 12, 15 నెలల సందర్శనములు కూడ చేర్చబడినవి.

గడపలో నిలిచి క్షేమమడిగి సంతకము తీసుకొనుట సందర్శనము కాదు. చేతులు సబ్బుతో కడుగుకొని బిడ్డను తూచవలెను; ఒంటి వేడి చూడవలెను; ఊపిరిని నిండు నిమిషము లెక్కింపవలెను. ఊపిరి 60 గాని అంతకు మించి గాని ఉన్నను, బిడ్డ డొక్కలెగురవేయుచున్నను, పాలు పట్టకున్నను వెంటనే ఆసుపత్రికి పంపవలెను. ముర్రుపాలు పిండి పారవేయరాదనియు, బొడ్డునకు బూడిద, నూనె వంటివి పూయరాదనియు చెప్పవలసినది గూడ అప్పుడే.

3, 7 దినముల సందర్శనములు రెండును పురిటిలోనే పడును గదా! పురుడు వెళ్ళిన పిదప రమ్మని ఇంటి పెద్దలన్నచో మిక్కిలి అవసరమైన రెండును పోయినట్లే. ఇట్టిచోట కార్యకర్త మాటకంటె వార్డు సభ్యుని మాటకు, అంతకంటె సభ్యురాలి మాటకు విలువ ఎక్కువ.

ఇంకొక లోపము మన ఆచారము వలన కలుగుచున్నది. తొలి కాన్పునకు కూతురు పుట్టింటికి వచ్చును. ఆమె పేరు అత్తవారి ఊరి పట్టికలో, బిడ్డ పుట్టింటి ఊయలలో! రెండవ ఊరివారు చూచుచున్నారని ఇరువురు కార్యకర్తలును అనుకొందురు. ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబముల పేర్లు ఏ పట్టికలోను ఉండకపోవచ్చును. ఏ ఇంటికి కూతురు వచ్చినదో, బట్టీలో ఎవరు నిండు నెలలతో ఉన్నారో వార్డు సభ్యునకు తెలియును. ఆ మాట కాన్పునకు ముందే కార్యకర్తకు చేరవలెను. అత్తవారి ఊరి పంచాయతీకి ఫోను చేసిన మరియు మంచిది.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము కూడినప్పుడు ఇది ప్రతి నెలయు అడుగవలసిన విషయము. అయితే కార్యకర్తను నిలదీయుటకు కాదు. 2011 పథకములో ఆరు సందర్శనములకు కలిపి నిర్ణయింపబడిన ప్రతిఫలము 250 రూపాయలే. ఆమె సంచిలోని తూనిక యంత్రము, థర్మామీటరు పనిచేయుచున్నవా అని ముందుగా విచారింపుడు. వాగు అవతలి తండాలో కాన్పు రానున్నచో, మూడవ దినమున ఆమెను అచ్చటికి చేర్చు బండి ఎవరిదో వానలకు ముందే నిర్ణయించుకొనుడు.