ఆపత్కాలమున పరిశోధక విద్యార్థికి ఆసరా

ఆపత్కాలమున పరిశోధక విద్యార్థికి కావలసిన ఆసరా నాలుగు విధములు: గడువు, గ్రంథము, భృతి, గురువు పలుకు.

కరోనా మహమ్మారి వలన 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైనది. కర్నూలు, కడపలలోనూ కళాశాలలు మూతపడినవి. ఏప్రిల్‌లో యు.జి.సి. ఎం.ఫిల్., పిహెచ్.డి. విద్యార్థులకు ఆరు నెలల గడువు పెంచి, మౌఖిక పరీక్షను వీడియో ద్వారా జరుపుటకు వీలు కల్పించినది. జూన్‌లో జరుగవలసిన నెట్ పరీక్ష సెప్టెంబరులో గాని మొదలు కాలేదు. ఉద్యోగపు ఆశయు అంతమేర వెనుకబడినది.

శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథములు ఉచితముగనే లభించుచుండెను. కాని ఇంటికంతటికి ఒకే ఫోను గల పల్లె విద్యార్థికి అవి అందని మ్రానిపండ్లే.

గడువు పెరిగినను పొట్ట ఆగదు కదా! మైనారిటీ పరిశోధకులకు ఊతమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను సయితము కేంద్రము 2022-23 నుండి క్రొత్తవారికి నిలిపివేసినది.

ఇక మన చేతిలో నున్నది నాలుగవది. "ఏ అధ్యాయము వ్రాయుచున్నావు నాయనా?" అని గురువు వారమునకొకమారు అడిగిన చాలు, విద్యార్థి చదువు విడువడు. ప్రతి విద్యార్థి ఫోను వసతి, పుస్తకపు అవసరము, ఇంటి స్థితి కళాశాల నేడే వ్రాసి ఉంచుకొనవలెను. వరద వచ్చిన పిదప చెరువుకట్ట వేయరాదని కరవుసీమ వారమైన మనకు వేరుగా చెప్పనేల?