దారిని సరిచేసినవారు

పట్టణములో సభ జరిపి నడవలేనివారికి మూడుచక్రముల బండి నిచ్చినపుడు దాతకు పూలదండ వేయుదురు. మరునాడు పత్రికలో ఛాయాచిత్రము వచ్చును. అది మంచి పనియే. దానిని మేము తక్కువచేయుట లేదు. అయితే ఆ బండిని పుచ్చుకొన్నవాడు దానినెక్కి ఎచ్చటికి పోగలడు? బ్యాంకునకు మెట్లు, తపాలాకచేరికి మెట్లు, మందుల దుకాణమునకు మెట్లు. రోడ్డుప్రక్క కాలిబాట యున్నచోట దానిమీద మోటారుసైకిళ్లు, తోపుడుబండ్లు, విద్యుత్ స్తంభములు. బండి నిచ్చినవారి పేర్లు మనకు తెలియును. బండి పోవుటకు దారి కావలెనని అడిగినవారి పేర్లు తెలియవు. అట్టివారిని కొందరిని మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును పరిచయము చేయుటకే యీ వ్యాసము.

మొదట పాదచారుల సంగతి. 2022 వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో 32,825 మంది కాలినడకన పోవువారు. ఎనిమిదవ తరగతివారు దీనిని 365 చే భాగించి చూచెదరుగాక. దినమునకు దాదాపు 90 మంది యగుదురు. వీరు వేగముగా పోయినవారు కారు, త్రాగి బండి నడిపినవారు కారు. బడికో, అంగడికో, పొలమునకో నడచి పోవుచుండినవారు. మన జిల్లాలో 44 వ నంబరు జాతీయరహదారి ప్రక్కనున్న గ్రామములవారికి ఈ లెక్కను వేరుగా బోధింప నక్కరలేదు.

హైదరాబాదులో కాంతిమతి కన్నన్ గారు 'రైట్ టు వాక్' అను సంస్థను స్థాపించిరి. నడచుట హక్కని దాని పేరే చెప్పుచున్నది. ఆమె చేసిన పనిలో ఆర్భాటమేమియు లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టమును ఆధారముగా గొని నగరపాలక సంస్థను కాలిబాటలను గూర్చి ప్రశ్నించిరి. ఆక్రమణలను గూర్చి అర్జీలు పెట్టిరి. అర్జీ వ్రాయువానికి పూలదండ వేయు ఆచారము మనలో లేదు. పైగా విసుగుకొందురు.

కోయంబత్తూరులో ఎముకల వైద్యులైన డాక్టరు రాజశేకరన్ గారు విరిగిన కాళ్లను అతుకుటతో తృప్తినొందక, అవి విరుగకుండుటకై 2012 లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ఆ వ్యాజ్యములోనే 2025 మే 14 వ తేదీన న్యాయస్థానము, ఆటంకములేని కాలిబాట పౌరునకు రాజ్యాంగము 21 వ అధికరణము క్రింద నొసగిన జీవించు హక్కులో భాగమని చెప్పినది. ఆ కాలిబాటలు వికలాంగులకును పనికివచ్చునట్లుండవలెనని కూడ ఆదేశించినది.

ఇచ్చట ఒక మాట. వికలాంగులను ఇప్పుడు దివ్యాంగులనియు, మన రాష్ట్రములో విభిన్న ప్రతిభావంతులనియు వ్యవహరించుచున్నారు. గౌరవముగా పిలుచుట మంచిదే. కాని పేరు మార్చినంతమాత్రమున మెట్టు ఒక అంగుళమైనను తగ్గదు.

ఈ సత్యము నెరిగినవారిలో జావేద్ అబీదీ గారు ముఖ్యులు. పుట్టుకతోనే వెన్నెముక దోషము కలిగి, చక్రముల కుర్చీలో తిరిగిన ఆయన 1995 నాటి వికలాంగుల చట్టము కొరకు పోరాడినవారిలో ముందు నిలిచిరి. విమానము నెక్కువేళ తమవంటివారిని మూటలవలె మోయకుండ ఎత్తుయంత్రము లుంచవలెనని సుప్రీంకోర్టులో వాదించిరి. 2001 లో స్టీఫెన్ హాకింగ్ అను మహాశాస్త్రజ్ఞుడు ఢిల్లీ వచ్చినపుడు అచ్చటి పురాతన కట్టడములు కొన్నింటికి కొయ్య వాలుదారులు అమర్చిరి. అతిథి కొరకు కొన్ని దినములలో చేయగలిగిన పని స్వదేశీయుల కొరకు అంతకు పూర్వమేల చేయలేదో విద్యార్థులే ఆలోచించుకొందురుగాక. అబీదీ గారు 2018 లో దివంగతులైరి.

2016 లో వచ్చిన క్రొత్త చట్టము, ప్రజలు వాడుకొను కట్టడములు అందరికి ప్రవేశయోగ్యముగా నుండవలెనని విధించినది. కాని దానిక్రింద చేసిన నిబంధన యొకటి, చట్టము "చేయవలెను" అన్నదానిని "చేసిన మంచిది" అన్నట్లుగా మెత్తపరచినది. రాజీవ్ రతూరీ అను దృష్టిలోపముగల పెద్దమనిషి 2005 లో వేసిన వ్యాజ్యము ఇరువదేండ్లకు దగ్గరగా సాగి, 2024 నవంబరు 8 వ తేదీన ఆ నిబంధన చెల్లదని తీర్పు వచ్చినది. ఈ తీర్పునకు మన తెలుగునేలతో సంబంధము కలదు. దేశములో పరిస్థితి ఎట్లున్నదో పరిశీలించి న్యాయస్థానమునకు నివేదిక సమర్పించినది హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమునకు చెందిన వికలాంగ అధ్యయన కేంద్రమే.

హైదరాబాదు మెట్రో రైలు స్టేషనులో నేలపై పసుపుపచ్చని పలకలను చూచిన పిల్లలు మాలో చాలమంది యుందురు. అవి అలంకారము కొరకు పరచినవి కావు. పొడవు గీతలున్న పలక "ముందునకు పొమ్ము" అని అంధుని పాదమునకును చేతికఱ్ఱకును తెలుపును. బుడిపెలున్న పలక "జాగ్రత్త, నిలువుము" అని చెప్పును. వీనిని జపానులో సెయిచీ మియాకే అనునాయన 1965 లో కనిపెట్టగా 1967 లో ఒకాయామా నగరమున మొదట పరచిరి. ఈ పలకల వరుసపై చెప్పులు విడిచినను, సామాను పెట్టినను, అంధుడు చదువు అక్షరమును తుడిచివేసినట్లే యగును.

సైకిలు ఒకప్పుడు ఉపాధ్యాయుని వాహనము. ఇప్పుడు బీదవాని వాహనమని చిన్నచూపు చూచుచున్నారు. హాలండు దేశములో 1970 ప్రాంతమున ఏటేట వందలకొలది బాలలు మోటారుబండ్ల క్రింద పడి మరణించుచుండగా, అచ్చటి తలిదండ్రులు "శిశుహత్య ఆపుడు" అని వీధులలో నిలిచిరి. నేడచ్చట సైకిళ్లకు వేరు బాటలుండుటకు ఆ తల్లుల యాందోళన ఒక ముఖ్యకారణము. ఆ దేశమున సైకిలుబాట ప్రకృతి యిచ్చిన వరమని తలచువారు దీనిని గమనింపవలెను. హైదరాబాదువాసి ఆదిత్య మెహతా గారు రోడ్డు ప్రమాదములో కాలు పోగొట్టుకొని, ఒంటికాలితో సైకిలు త్రొక్కి 2013 లో ఆసియా పోటీలలో పతకములు గెల్చిరి; పిమ్మట తమ పేరిట సంస్థ నెలకొల్పి తమవంటివారికి శిక్షణ నిచ్చుచున్నారు. ఆంధ్రప్రదేశమునకు చెందిన షేక్ అర్షద్ 2024 లో పారిస్ పారాలింపిక్సులో సైకిలు పందెములలో పాల్గొనెను.

మన అనంతపురము సంగతి యేమి? 1969 లో ఇచ్చట విన్సెంట్ ఫెర్రర్ గారు స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ వికలాంగులకు పరికరములు సమకూర్చుటతో పాటు గ్రామములలో వారిని సంఘములుగా కూర్చినది. ఆ రెండవ పనియే గొప్పదని మా యభిప్రాయము. ఊతకఱ్ఱ ఒకనిని నిలబెట్టును. సంఘము పదిమందిచేత అడిగించును. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ మెట్టనేలలో నడకదారికి కావలసినది మరియొకటి కలదు: నీడ. రోడ్డు వెడల్పుచేయుటకు వేపచెట్టు కొట్టినవారు, చైత్ర వైశాఖములలో ఆ దారిన నడచు ముసలివారిని లెక్కలోనికి తీసికొనలేదు.

పక్షవాయువుగల మనుష్యుని నలుగురు మోసికొనివచ్చి, ద్వారమున సందులేక ఇంటికప్పు విప్పి దింపిన వృత్తాంతము సువార్తలో చదివియున్నాము. ఆ నలువురి ప్రేమ గొప్పది. కాని మోయువారు దొరకుట యొకటి, మోయువారు లేకయే పోగలుగుట వేరొకటి. మా తొమ్మిదవ తరగతిలో మూడుచక్రముల బండిపై వచ్చు బాలు డొకడున్నాడు. మా పుస్తకాలయమునకు రెండు మెట్లున్నవి. తోటివారు సంతోషముతో అతనిని ఎత్తి లోపల దింపుదురు. మేమును చూచి సంతోషించుచుంటిమి. ఈ సంవత్సరము అతడు మాతో, "ఎత్తేది వద్దు సార్, బండి పొయ్యేట్టు చేస్తే సాలు" అనెను. అతడు పుస్తకము తెచ్చుకొనదలచినపుడెల్ల నలుగురి తీరికకై వేచియుండవలసివచ్చుచున్నదని అప్పుడు మాకు బోధపడెను.

కనుక లెక్కల పాఠము వరండాలో జరిగినది. వాలుదారి ఎత్తునకు పండ్రెండు రెట్లు పొడవుండవలెనని నియమము. అంతకు తక్కువైనచో ఎక్కుట కష్టము, దిగుట అపాయము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 2012 నాటి నియమావళి ప్రకారము కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు. మా మెట్లు రెండును కలిపి 30 సెంటీమీటర్లు. అనగా 3 మీటర్ల 60 సెంటీమీటర్ల వాలు కావలెను. వరండా ముందు స్థలము 4 మీటర్లున్నది. టేపు ఒక కొనను ఆ బాలుడే పట్టుకొనెను. తాపీమేస్త్రి వచ్చి చూచి, సెలవులలో పని పూర్తిచేసెదనని చెప్పిపోయెను.

ఇప్పుడు తొమ్మిదవ తరగతివారు పాఠశాలనుండి గడియారస్తంభము వరకు దారిలోనున్న కచేరీలు, దుకాణములు, ఆసుపత్రుల మెట్లను కొలిచి, ఒక్కొక్కదానికి కావలసిన వాలుదారి పొడవును పట్టికగా వ్రాయుచున్నారు. తలిదండ్రులలో తమ దుకాణముల మెట్లను ముందుగా కొలిపించుకొనదలచినవారు బాలురచేత కబురు పంపినచో చాలును.