చేతి తిమ్మిరి – నరము నలిగిన చోటు కనుగొను పరీక్షలు

చేయి తిమ్మిరెక్కినంతనే వాతమని తలచి, తైలము రాచుకొని ఊరకుండుట మన గ్రామములలో వాడుక. అది భుజమునొద్ద నరము నలుగుటవలన కలిగిన బాధయు కావచ్చును. భుజములపై బరువులు మోయువారికిని, ఒకప్పుడు గ్రామ పంచాయతీగా నుండి 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసిన ప్రగతి నగర్ వంటి చోట్ల దినమెల్ల కంప్యూటరు ముందు వంగి పనిచేయువారికిని ఇది రావచ్చును.

మెడయందు వెన్నుపామునుండి వెడలు ఐదు నరముల మూలములు జడవలె అల్లుకొని, మెడ కండరముల నడుమగను, పిదప కాలరు ఎముకకును మొదటి ప్రక్కటెముకకును మధ్యనున్న ఇరుకు సందుగుండను చేతిలోనికి పోవును. ఈ త్రోవలో ఎచ్చట నలిగినను బాధ చేతిలో తోచును. కాలువ ఎగువను పూడినచో చివరి మడి ఎండుట వంటిదే ఇది.

నలిగిన చోటు కనుగొనుటకు వైద్యుడు ముందుగా ఈ పరీక్షలు చేయును.

1. ఆడ్సన్ పరీక్ష (1927): వైద్యుడు మణికట్టు నాడి పట్టి చూచుచుండగా, రోగి గడ్డము పైకెత్తి, బాధగల వైపునకు ముఖము త్రిప్పి, ఊపిరి పీల్చి బిగపట్టవలెను. నాడి సన్నగిల్లి తిమ్మిరి కలిగినచో సందు ఇరుకైనదని అనుమానింతురు.

2. రైట్ పరీక్ష (1945): చేతిని ప్రక్కనుండి తలపైకెత్తించి నాడిని, తిమ్మిరిని గమనింతురు.

3. రూస్ పరీక్ష (1966): చేతులను భుజముల ఎత్తునకు లేపి, మోచేతులు వంచి, మూడు నిమిషములు పిడికిళ్లు మూసి తెరువవలెను. పూర్వపు బాధయే తిరిగి కలిగి చేయి వాలిపోవుట గుర్తు.

4. స్పర్లింగ్ పరీక్ష (1944): తలను బాధగల వైపునకు వంచి మెల్లగా అదుముదురు. నొప్పి చేతిలోనికి ప్రాకినచో నరము మెడ ఎముకలనొద్దనే నలుగుచున్నదని తలంతురు. మెడకు దెబ్బ తగిలినవారికి దీనిని చేయరాదు. ఇంటివద్ద ఎన్నడును ప్రయత్నింపరాదు.

వీనిలో ఏ ఒక్కటియు తుది తీర్పు కాదు. ఆరోగ్యవంతులలో సైతము పలువురికి చేయి ఎత్తినప్పుడు నాడి సన్నగిల్లును. కావున వైద్యుడు అన్ని గుర్తులను కలిపి చూచి, అవసరమైనచో ఎక్స్‌రే తీయించును. పలువురికి తగిన వ్యాయామము, కూర్చుండు తీరు మార్చుకొనుట, బరువు తగ్గించుకొనుట చాలును.

పంచాయతీ సభ్యులు గ్రామసభలో ఈ విషయము తెలిపి, తిమ్మిరి వదలనివారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. చేతి కండరములు చిక్కిపోయినను, పట్టు సడలినను, చేయి వాచి నీలివర్ణమైనను జాగు చేయరాదు. చర్మముపై స్పర్శలేని మచ్చయున్నచో అది కుష్ఠువు కావచ్చును. దానికి మందులు ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చుచున్నది. ఛాతీనొప్పితో చేయి లాగినచో గుండెజబ్బుగా ఎంచి వెంటనే 108కి ఫోను చేయవలెను. చిరకాలము నలిగిన నరము మరల కోలుకొనకపోవచ్చును. కష్టజీవికి చేతి పట్టు పోయినచో జీవనాధారమే పోవును.